కరివేపాకు లేని పళ్ళేలు

ఎండపక్షం, విదియ

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. వంటకిటికీ పుస్తకంలో రోజుకు నాలుగు ముక్కలు రాస్తే నా పని అయిపోతుంది. ఎన్ని పళ్ళేలు వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు. అంతకు మించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఎవరైనా చదివినా, డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలాడు టిఫిన్ల గురించి ఇంత రాశాడేమిటని నవ్వుకుంటారు. కానీ ఒక సంగతి నాకు అర్థం కావడం లేదు. అర్థం కానిదాన్ని కాగితం మీద పెడితేగాని నా బుర్ర ఊరుకోదు.

సంగతేమిటంటే, మా పిల్లలు కరివేపాకు తింటున్నారు.

ఇందులో వింతేముందని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉప్మా తిని ఉండరు. కరివేపాకు తగిలితే వేలితో పళ్ళెం అంచుకు నెట్టేయడం మన జాతి లక్షణం. భూమి మీద నెట్టారు, ఇక్కడికొచ్చీ నెడుతున్నారు. గింజ కూడా దండగ చేయకూడదని భోజనాల గది గోడ మీద రాసి ఉంది. ఆ రాత కిందే కూర్చుని నెడతారు. కరివేపాకు నమిలి మింగే మనుషుల్ని నా జీవితంలో ముగ్గురినే చూశాను. వాళ్ళలో ఒకాయనకు చూపు ఆనదు.

అటువంటిది, మా సొరంగపాడులో పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు పదకొండు మంది ఉంటే, అందులో నలుగురి పళ్ళేలు అద్దాల్లా తిరిగొస్తున్నాయి. ఆకు లేదు, మిరపకాయ ముక్క లేదు, ఆవగింజ లేదు. పక్షం పైగా చూస్తున్నాను. పుస్తకంలో మాత్రం ‘తిన్నారు’ అనే రాస్తూ వచ్చాను. పళ్ళెం ఖాళీగా వచ్చింది కదా మరి.

పొద్దున్నపూట పిల్లల చేత తినిపించడం ఎక్కడైనా కష్టమే. ఇక్కడ ఇంకో చిక్కుంది, అసలు పొద్దున్నే లేదు. పైన ఎండ పధ్నాలుగు రోజులు, చీకటి పధ్నాలుగు రోజులు. చంద్రుడి మీద కూర్చుని తిథులు లెక్కపెట్టుకునేవాళ్ళం మేమేనేమో. సొరంగంలో దీపాలు పచ్చరంగు నుంచి తెలుపుకు మారితే తెల్లారినట్టు. అప్పుడు గోడలోంచి కోడి కూస్తుంది. ఆ కూత రికార్డు చేసినవాళ్ళు భూమి మీద ఎప్పుడో పోయారు, కోడి అంతకు ముందే పోయి ఉంటుంది. నాలుగేళ్ళ క్రితం రత్నం అనే పిల్ల, అప్పటికి దానికి పదేళ్ళు, “తాతా, కోడి అంటే ఏ మిషను?” అని అడిగింది. నేను బొమ్మ గీసి చూపించాను. కాసేపు చూసి, “ఇంత చిన్నదానికి ఇంత గొంతెందుకు?” అంది. సమాధానం ఇంకా వెతుకుతున్నాను.

అద్దంలాంటి ఆ నాలుగు పళ్ళేల్లో ఒకటి ఈ రత్నానిదే.

ఎండపక్షం, తదియ

ఇవాళ ఇడ్లీ. ఇక్కడి ఇడ్లీ గురించి ఒక మాట. బరువు ఆరోవంతే కాబట్టి పిండిలో పుట్టిన బుడగలు పైకి పోవడానికి బద్ధకిస్తాయి. పిండి పొంగి గిన్నె దాటి నడిచొస్తుంది. మొదటి ఏడాది నా ఇడ్లీలు బంతుల్లా వచ్చాయి, పిల్లలు నిజంగానే ఆడుకున్నారు. తర్వాత మినప్పప్పు పాలు తగ్గించి, మూత మీద బరువు పెట్టి దారికి తెచ్చాను. ఇదంతా ఎవరూ నేర్పింది కాదు. నేను వచ్చింది వంటకు కాదు, దర్జీగా. సూట్ల గదిలో పదేళ్ళు కుట్టాక చూపు మందగించి సూది దారం కనపడడం మానేశాక, ఈ కిటికీ ఇచ్చారు. దర్జీ చేతికి వంట ఇవ్వడంలో ఒక లాభముంది, కొలత తప్పడు.

అది అలా ఉంచి, అసలు విషయం. డాక్టర్ ఫిరోజా కిటికీ దగ్గరికి వచ్చారు. టిఫినుకేమో అనుకున్నాను.

“గవర్రాజు గారూ, మీ పుస్తకం ఒకసారి ఇస్తారా?”

ఇచ్చాను. ఆవిడ వేలు పెట్టి చూసుకుంటూ పోయారు.

“నూకరత్నం ఇరవై రోజులుగా పూర్తిగా తింటోందని మీ సంతకం ఉంది.”

“అవునండి.”

“క్లాసులో ఇందాక కళ్ళు తిరిగి పడిపోయింది. కొలిస్తే మూడు కిలోలు తగ్గింది. తింటూ తగ్గుతోందంటే లోపల ఏదైనా జబ్బైనా ఉండాలి, లేదా మీ పుస్తకం అబద్ధమైనా చెప్పాలి.”

“పుస్తకం అబద్ధం చెప్పదండి. రాసేవాడు పొరపాటు పడి ఉండొచ్చు.”

ఆవిడ నవ్వలేదు. “ద్వాదశి నాటి మొదటి నడకకు ఆ పిల్ల పేరిచ్చింది. ఈ స్థితిలో బయటికి పంపను. మీరేం చేస్తారో చెయ్యండి, నాకు తెలియాలి.”

మొదటి నడక అంటే సొరంగం తలుపు దాటి పైకి వెళ్ళి, కరెంటు పుట్టించే అద్దాల తోట దాకా నడిచి, ఒక అద్దం మీద దుమ్ము తుడిచి రావడం. మూడొందల అడుగులు కూడా ఉండదు. కానీ పదిహేను నిండేలోపు నడిచినవాళ్ళకే బయటి పని, మిగతావాళ్ళకు లోపలి పని. ఇది మా వాడ నియమం. ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళకు గుర్తుండదు. రత్నానికి వచ్చే పక్షంలో పదిహేను నిండుతాయి.

ఎండపక్షం, పంచమి

నిన్న ఏమీ రాయలేదు, నడుము పట్టేసింది. ఇవాళ ఉప్మా చేసి, కరివేపాకు రెండింతలు వేశాను. గాలానికి ఎర కట్టినట్టే.

పళ్ళేలు ఇచ్చాక కిటికీ మూసి, ఎవరు ఎటు వెళతారో చూశాను. ఏడుగురు బల్లల దగ్గరికి వెళ్ళారు. నలుగురు పళ్ళెం చేత్తో పట్టుకుని, ఏదో చదువుకోవడానికి వెళుతున్నట్టు మొహాలు పెట్టుకుని, చేపల గది వైపు తిరిగారు. ఆ వయసులో పిల్లలు చదువుకోవడానికి వెళుతున్నట్టు మొహం పెడితే వెంట పడాల్సిందే.

చేపల గదిలో రెండు పెద్ద తొట్లు. చేపలు బలిసి ఉన్నాయి. ఒక్కోటి నా మోచేయంత. నీళ్ళు వడకట్టే జల్లెడ మీద చూద్దును కదా, పచ్చగా, తడిగా, పక్షం రోజుల కరివేపాకు. ఉప్మా తిన్నాయి, ఇడ్లీ తిన్నాయి, చట్నీ తిన్నాయి, కరివేపాకు మాత్రం చేపలు కూడా పక్కన పెట్టేశాయి.

నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. తొట్టి అవతలి నుంచి నాలుగు తలలు లేచాయి.

“తాతా!” అంది రత్నం. చేతిలో పళ్ళెం సగం వంచి ఉంది.

“కానివ్వవే, అడ్డొచ్చానా? వాటికి ఉప్పు సరిపోయిందా అడుగు.”

మిగతా ముగ్గురు జారుకున్నారు. రత్నం కదల్లేదు. ఈ మధ్య సాగింది పిల్ల, మణికట్లు రెండూ చొక్కా చేతుల్లోంచి బయటికి వచ్చేశాయి. బుగ్గలు లేవు.

“నా వంట అంత బాగోలేదా?”

“వాసనొస్తేనే తినీయాలనిపిత్తాది తాతా. అందుకే ముక్కు మూసుకుని పారబోత్తాను.”

“మరెందుకే?”

“చెప్పను.”

“చెప్పకపోతే పుస్తకంలో ‘చేపలు తిన్నాయి’ అని రాయాలి. డాక్టరమ్మ చదువుతుంది.”

వంచిన పళ్ళెం కింద పెట్టింది. తర్వాత చెప్పింది.

చిన్న సూట్లు నాలుగే ఉన్నాయి. వాటి తర్వాతి కొలత పెద్దవాళ్ళది, అందులో దూరితే వేళ్ళు చేతితొడుగు చివరికి అందవు, పట్టు దొరకదు, బయటికి వదలరు. మధ్య కొలత సూట్లు వచ్చే బండిలో వస్తాయంటున్నారు. ఆ బండి భూమి నుంచి రావడానికి ఇంకో మూడేళ్ళు. మూడు చీకటిపక్షాల కిందట కొలతలు తీసినప్పుడు రత్నానికి సూటు సరిగ్గా సరిపోయింది. ఒక వేలు పెరిగినా పట్టదని సూట్ల గది సన్యాసిరావు అన్నాడట. నలుగురూ కూడబలుక్కున్నారు.

“తింటే పెరిగిపోతాను కదా,” అంది రత్నం, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు. “ద్వాదశి దాకా పెరక్కుండా ఉంటే చాలు. ఆ తర్వాత నువ్వు పెట్టిందల్లా తింటాను. ఒట్టు.”

“పెరగడం అలా ఆగదే అమ్మా. తినకపోతే కండ పోతుంది, ఎముక దారి ఎముకదే. బరువు తగ్గావు గాని పొడవు తగ్గావా?”

తన మణికట్లు చూసుకుంది. ఆ లెక్క దానికీ తెలుసు. కొలతలు తీసినప్పటి నుంచి రెండు వేళ్ళు పెరిగిందట. నెత్తిన ఏదో బరువు పెట్టుకుని కూడా చూసిందట. ఇడ్లీ పిండికి నేను చేసిన వైద్యమే.

ఎండపక్షం, షష్ఠి

డాక్టర్ ఫిరోజాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, ఆలోచించారు. దానికే నాకు భయం వేసింది.

“ఇవాళ్టి నుంచి ద్వాదశి దాకా ఏడు పూటలు మీ కళ్ళ ముందు తినాలి. ఉదయం టిఫిను, మునగాకు పొడి, రాగి జావ. ద్వాదశి నాడు వ్యాయామ చక్రం మీద ఇరవై నిమిషాలు తిరిగి, కళ్ళు తిరక్కుండా దిగితే నా సంతకం ఇస్తాను. సూటు పడుతుందో లేదో నా చేతిలో లేదు.”

చూడండి తమాషా. తినకపోతే డాక్టరమ్మ పంపదు. తింటే సన్యాసిరావు పంపడు. పధ్నాలుగేళ్ళ పిల్ల బయటికి వెళ్ళాలంటే రెండు తలుపులు, రెండూ ఎదురెదురుగా తెరుచుకుంటాయి.

పొద్దున్న జావ గ్లాసు ముందు పెడితే రత్నం దాన్ని విషంలా చూసింది.

“తాగను. తాగితే నువ్వే నన్ను లోపల కట్టేసినట్టు.”

“లోపలేం తక్కువే? నేను ముప్ఫై ఎనిమిదేళ్ళుగా లోపలే ఉన్నాను.”

“నువ్వు భూమ్మీద ఆకాశం చూసొచ్చావు తాతా. నేను కప్పు తప్ప ఏం చూశాను?”

గ్లాసు దాని వైపు ఇంకొంచెం జరిపాను. సగం గ్లాసు తాగింది, అది కూడా నా మొహం చూసి. ‘సగం’ అని రాశాను. ఈ పుస్తకంలో ఇంకెప్పుడూ పళ్ళెం చూసి రాయను, మనిషిని చూసి రాస్తాను.

ఎండపక్షం, సప్తమి

సూట్ల గదికి వెళ్ళాను. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత.

సన్యాసిరావు మంచివాడే, కానీ తలుపుకు గడియలా ఉంటాడు, తీస్తేగాని తియ్యడు. “ఏటి తాతా, ఇలాగొచ్చీసేవు? ఇడ్లీలు అమ్ముతావేటి?” అన్నాడు.

“చిన్న సూట్లు ఒకసారి చూపించు.”

“సూసి ఏటి సేత్తావు? అవి సాగవు. పైగుడ్డ సాగదు తాతా. లోపలి రబ్బరు తిత్తి వదులుగానే ఉంటాది గాని, కొలత బిగించీది పైగుడ్డే కదా.”

“ఆ పైగుడ్డ ఎవరు కుట్టారో తెలుసా నీకు?”

తెలియదు. అప్పటికి వాడు పుట్టాడేమో, అంతే. రత్నానికి కొలిచిన మూడో నంబరు సూటు దించి బల్ల మీద పరిచాడు. బూడిదరంగుకు తిరిగిపోయి ఉంది. నా కళ్ళకు కుట్టు కనపడదు. చేత్తో తడిమాను. నడుము దగ్గర, మోకాళ్ళ పైన, మోచేతుల పైన, వేలి కింద కాస్త దళసరిగా తగిలింది.

ఇంకోసారి తడిమాను, నా చేతి మడతే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి, తప్పదు. సామర్లకోటలో మా మేనమామ దగ్గర నేను కుట్టుపని నేర్చుకున్నాను. జూన్ నెలంతా స్కూలు బట్టలే. ఏ తల్లి గుడ్డ తెచ్చినా ఒకటే మాట, “ఎదిగే పిల్లండీ, కాస్త లోపలికి వదిలి కుట్టండి.” పావడా కింద నాలుగు వేళ్ళు, నడుం దగ్గర రెండు వేళ్ళు. మరుసటేడు విప్పితే, వెలిసిపోయిన పావడాకు కింద కొత్త గుడ్డ పట్టీలా బయటపడేది. ఆ పట్టీ చూసి ఆ పిల్ల ఎంత ఎదిగిందో వీధంతా చెప్పగలిగేది. అలా పదిహేనేళ్ళు కుట్టాక, పిల్లల కొలతకు గుడ్డ కత్తిరించమంటే నా చెయ్యి నన్నడక్కుండానే మడత వదిలేది.

ఇక్కడికొచ్చాక చిన్న సూట్లు కుట్టమన్నారు. కుట్టాను. తనిఖీకి వచ్చినాయన లోపల చెయ్యి పెట్టి చూసి, “ఈ మడతలేమిటి? నక్షాలో లేవే!” అన్నాడు. ఎదిగే పిల్లలండీ అన్నాను. ఆయన కాగితం తీశాడు. గాలి పోవడం లేదు కాబట్టి విప్పమనలేదు గాని, ‘దర్జీ అలవాటు వల్ల అనవసరపు మడతలు’ అని కాగితం మీద తప్పు రాశాడు. నాకు సిగ్గేసి ఆ సంగతి మర్చిపోయాను. మనసు మర్చిపోవాలనుకున్నవి బాగా మర్చిపోతుంది.

“సన్యాసిరావూ, ఇందులో నాలుగు వేళ్ళున్నాయి,” అన్నాను.

వాడు నా చెయ్యి తీసి తన చెయ్యి పెట్టాడు. తర్వాత దీపం తెచ్చాడు. తర్వాత ఆ పాత తనిఖీ కాగితం వెతికి తెచ్చాడు, అలాంటివి వాడు పారెయ్యడు. చదివి, “అనవసరపు మడతలంట!” అన్నాడు. మళ్ళీ వెంటనే గడియ వేసేశాడు. “ముప్పయ్యేళ్ళ గుడ్డ తాతా. నేనొప్పుకోను. ఒకటిన్నర రెట్లు గాలి నింపి ఆరు గంటలు నిలబెడతాను. చుక్క గాలి పోయినా మళ్ళీ మడిచీడమే.”

“నీ పిల్లకైతే ఏం చేస్తావో అదే చెయ్యి,” అన్నాను.

ఎండపక్షం, నవమి

రెండ్రోజులుగా వంటకిటికీ వెనకాల దర్జీ కొట్టు నడుస్తోంది. నాకు కళ్ళు లేవు, పిల్లలకు చేతులున్నాయి. మిగతా ముగ్గురికి సూట్లు ఇంకా పడుతున్నాయట, అయినా నలుగురూ వచ్చి కూర్చుంటున్నారు. షరతు ఒకటే, ఒక ఇడ్లీ తింటే ఒక బెత్తెడు కుట్టు విప్పనిస్తాను.

“ఇది బెదిరింపు తాతా,” అంది రత్నం మొదటి రోజు.

“కాదు, కూలి. తిను.”

ఒక ఇడ్లీ తింది. విప్పింది. రెండోది తింది. నాలుగో ఇడ్లీకి నడుము మడత పూర్తిగా తెరుచుకుంది. అందరం వంగి చూశాం. బూడిదరంగు గుడ్డ మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పున తెల్లటి తెలుపు. ముప్ఫై ఏళ్ళుగా దుమ్ము చూడని గుడ్డ. నాకు కూడా కనపడింది.

“ఇది నాకోసమే దాచావా?” అని అడిగింది.

“నువ్వు పుట్టడానికి పదిహేనేళ్ళ ముందు కుట్టాను. నీకోసం కాదు. ఎవరో ఒకళ్ళు ఎదుగుతారు కదా అని.”

తర్వాత చట్నీ ఇంకొంచెం వెయ్యమంది. దీన్ని పుస్తకంలో రాయడానికి గడి లేదు, పక్కన రాశాను.

నా దగ్గరున్న పాత దారం ఉండతోనే అంచు మీద జంట కుట్టు వేయించాను. రత్నం కుట్టు కాస్త వంకరగా ఉంది గాని దగ్గరదగ్గరగా ఉంది. దర్జీకి అదే ముఖ్యం.

ఎండపక్షం, ఏకాదశి

పరీక్ష. మూడో నంబరు సూటుకు గాలి నింపి, సన్యాసిరావు కొక్కేనికి వేలాడదీశాడు. ఉబ్బి, తల లేని మనిషిలా నిలబడింది. గాలి కొలిచే ముల్లు ఎదురుగా స్టూలు వేసుకుని ఆరు గంటలూ కూర్చున్నాడు. నేను పెసరట్టు పంపితే ముల్లు మీంచి కళ్ళు తియ్యకుండా తిన్నాడు.

మూడో గంటలో ముల్లు వెంట్రుకవాసి కదిలింది. రత్నం నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో బలం ఉందని గమనించాను, తదియ నాడు ఉండేది కాదు. సన్యాసిరావు లేచి, సబ్బునురగ తెచ్చి కుట్టు పొడవునా రాశాడు. బుడగ రాలేదు. గొట్టం బిగింపు దగ్గర రాస్తే వచ్చింది. బిగించాడు. మళ్ళీ మొదటి నుంచి ఆరు గంటలు పెట్టాడు.

“ఇప్పుడు మొదటి నుంచి ఎందుకు బాబాయ్, సగం అయిపోయింది కదా!” అంది రత్నం.

“నా పిల్లకైతే ఇలాగే సేత్తాను,” అన్నాడు వాడు, నా వైపు చూడకుండా.

ముల్లు కదల్లేదు.

ఎండపక్షం, ద్వాదశి

రత్నం చక్రం మీద ఇరవై నిమిషాలు తిరిగి, నిటారుగా దిగింది. డాక్టర్ ఫిరోజా నాడి చూసి సంతకం పెట్టి, “ఆ మడతల ఐడియా ఎవరిది?” అని నన్నడిగారు. పొరపాటున జరిగిందని చెప్పాను. నిజమే కదా.

నలుగురూ వెళ్ళారు. మేం తెర మీద చూశాం. ఎండ వాలుగా ఉంది, బూడిదరంగు నేల, బూడిదరంగు సూట్లు, ఎవరెవరో తెలియదు. ఒక్కదాన్ని మాత్రం అందరూ గుర్తుపట్టారు. నడుము మీద, మోకాళ్ళ మీద, మోచేతుల మీద తెల్లటి పట్టీలు. నడుస్తుంటే ఐదు పట్టీలు ఊగాయి. రత్నం అద్దం దగ్గర ఆగింది, తుడిచింది, తలెత్తి పైకి చూస్తూ నిలబడిపోయింది. ఎంతసేపంటే సన్యాసిరావు మైకులో, “అమ్మా, గాలి కొలత సూసుకో, రా,” అనాల్సి వచ్చింది.

తలుపు లోపల శిరస్త్రాణం తీయగానే నేను అడిగాను, “ఎలా ఉందే?”

ఏదో పెద్ద మాట వస్తుందనుకున్నాను. జుట్టంతా చెమటకు అంటుకుపోయి ఉంది.

“ఆకలేత్తంది తాతా,” అంది.

ఎండపక్షం, త్రయోదశి

ఇవాళ ఉప్మా. కరివేపాకు మామూలుగానే వేశాను. పదకొండు పళ్ళేలు వెళ్ళాయి, పదకొండు తిరిగొచ్చాయి. రత్నం పళ్ళెం ఆఖరున వచ్చింది. అంచున ఐదు కరివేపాకులు, ఒక పచ్చిమిరపకాయ ముక్క ఉన్నాయి. పళ్ళెం కడిగాను.